అద్దం టాపు మీద క్యారియర్

మార్కాపురంలో వెల్డింగు షాపుల వాళ్ళకు ఆ రోజు హరికృష్ణ మంచి కాలక్షేపం అయ్యాడు. కారు తెచ్చి షాపు ముందు ఆపడం, టాపు మీద క్యారియర్ కావాలని అడగడం, వాళ్ళు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి చూసి నవ్వడం, ప్రతిచోటా ఇదే తంతు. క్యారియర్ బిగించడానికి ముందు టాపంటూ ఉండాలి కదా. ఈ కారుకి డ్రైవర్ నెత్తి మీది నుంచి వెనక సీటు దాకా పరిచినట్టు అంతా అద్దమే. పాత జీపులకుండే అంచు లేదు, పక్కన కడ్డీ లేదు, బోల్టు దించుదామంటే రేకు లేదు. ఒకాయన ఆ అద్దంలో తన మొహం చూసుకుని, జుట్టు సర్దుకుని, "దీని మీద పూలకుండీ కూడా పెట్టొద్దు తమ్ముడూ" అని చెప్పి లోపలికి పోయాడు.

అంతకుముందే ఒంగోలులో ఆ కార్లమ్మే షోరూముకీ వెళ్ళొచ్చాడు. ఈ మోడలుకు క్యారియర్ రాదు, అద్దం మీద బరువు పెట్టకూడదు, అని అక్కడి పిల్ల నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్తే బాధ తగ్గుతుందని వాళ్ళకెవరు నేర్పారో గానీ, హరికృష్ణకి మాత్రం ఒళ్ళు మండింది. పెట్టకూడదని తనకూ తెలుసు. పెట్టక తప్పని వాడు ఏం చేయాలో చెప్పేవాళ్ళు కావాలి అతనికి.

పెట్టక తప్పని సంగతి ఇది. హరికృష్ణ భార్య సరళ అర్ధవీడులో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి టీచరు. కాపురం కంభంలో. రోజూ షేరింగ్ ఆటోలో వెళ్ళి వచ్చేది. నిరుడు వేసవి ముందర ఆ ఆటో కల్వర్టు దగ్గర బోల్తా పడింది. మిగతా వాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు, సరళకు నడుము కింద సత్తువ పోయింది. అప్పటి నుంచీ మంచం, మంచానికి పైన స్లాబు. చూసి చూసి ఆ స్లాబులో ఎక్కడ సున్నం ఊడిందో, ఎక్కడ బల్లి కాపురముంటుందో ఆమెకు కంఠతా వచ్చేసింది.

ఒకసారి నంద్యాల ఆసుపత్రికి ఎవరిదో అద్దం టాపు కారు దొరికింది. సరళను వెనక సీట్లో పడుకోబెట్టారు. నల్లమల ఘాట్‌లో చెట్లు పైనుంచి వెనక్కి పోతుంటే, మబ్బులు వెంట వస్తుంటే, ఆమె అన్ని నెలల తర్వాత నోరు తెరిచి నవ్వింది. "బావా, నేను పండుకొనే ఊరు తిరుగుతాండా" అంది. హరికృష్ణ ఆమెకు మేనబావ. చిన్నప్పటి నుంచీ ఆ పిలుపే. ఆ నవ్వు చూసి అతను ప్రైవేటు బస్సు డ్రైవరు పని మానేసి, పాతదే అయినా సరే ఇలాంటి అద్దం కారే వెతికి కొన్నాడు. బాడుగలు తోలుకోవచ్చని ఊళ్ళో వాళ్ళకు చెప్పాడు. అసలు కారణం సరళకు తెలుసు, అతనికి తెలుసు.

ఆ తర్వాత కుర్చీ వచ్చింది. మామూలు చక్రాల కుర్చీ కాదు. వీపు నిలవడానికి ఎత్తైన పలకా, నడుముకు బెల్టులూ ఉండి, మడత పడని కుర్చీ. ఒక క్యాంపులో పేరు రాయించి, ఏడాది ఎదురు చూస్తే వచ్చింది. అది వచ్చిన రోజు సరళ తనంతట తాను బాత్రూముకు పోయి వచ్చి, తలుపు దగ్గర ఆగి, ఏదో పరీక్ష ప్యాసైన దానిలా అందరి మొహాలూ చూసింది. అంతకుముందు అన్నిటికీ అమ్మ శ్రీశైలమ్మ రావాలి, మంచం మీదే కింద గిన్నె పెట్టాలి. సరళకు కాళ్ళు పోయినందుకంటే ఆ గిన్నెకే ఎక్కువ ఏడుపొచ్చేది.

బడి పెద్ద అనురాధ మేడం మంచి మనిషి. ఏడాదంతా ఆ తరగతిని తానే చూసుకుంటూ సరళ స్థానం ఖాళీగా ఉంచింది. "బడి తెరిచే రోజు కల్లా కుర్చీలో వచ్చి కూర్చో సరళా, తరగతి నీదే. అప్పుడూ రాకపోతే మాత్రం వేరే వాళ్ళను పెట్టుకోక తప్పదు" అంది. ఆ మాట విన్న రోజు నుంచి సరళ చీరలు ఇస్త్రీ చేయించడం మొదలుపెట్టింది. ఆ పిల్లల మధ్య కూర్చుంటే తాను మళ్ళీ మనిషినవుతానని ఆమె నమ్మకం. హరికృష్ణకు అంతకంటే పెద్ద నమ్మకం.

కానీ కుర్చీ డిక్కీలో పట్టదు. వెనక తలుపులో దూరదు, ముందు తలుపులో అసలే దూరదు. బడిలోనే వదిలేసి రావచ్చు కదా అన్నారు చుట్టుపక్కల వాళ్ళు. "సాయంత్రం నుంచి పొద్దుటి దాకా మళ్ళీ గిన్నేనా?" అంది సరళ. దాంతో ఆ ముచ్చట అయిపోయింది. ఇక మిగిలింది టాపు.

తిరిగి తిరిగి చివరికి హరికృష్ణ, పాత పలకల షెడ్ల దగ్గర ఇమాం సాహెబ్ షాపుకు చేరాడు. ఇమాం సాహెబ్ వయసులో ఉండగా, పిల్లలు రాసుకునే పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించేవాడు. రాతి పలకల గిరాకీ పడిపోయాక వెల్డింగు నేర్చుకుని జీపులకూ, వ్యాన్లకూ క్యారియర్లు చేస్తున్నాడు. హరికృష్ణ నాయన కూడా ఆ ఫ్యాక్టరీలోనే పలకలు అరగదీసి, ఆ దుమ్ముకే ఆయుష్షు పోగొట్టుకున్నాడు. అందుకని వీళ్ళిద్దరిదీ మామా అల్లుళ్ళ వరస.

ఇమాం సాహెబ్ నవ్వలేదు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తలుపులు తీసి అంచులు తడిమాడు. తర్వాత అద్దం నాలుగు మూలలా వేలి కణుపుతో కొట్టి విన్నాడు. ముందు మూల దగ్గర అద్దం సన్నగా లొడలొడమంది.

"అద్దం ఆడతాంది అల్లుడా."

"పాత బండి గదా మామా. గతుకుల్లో చప్పుడొస్తాది."

"చట్రంలో పలక ఆడితే ఏమైతాది?"

"పగులుతాది" అన్నాడు హరికృష్ణ, బడిపిల్లాడిలా.

మార్కాపురం చుట్టుపక్కల పుట్టినవాడెవడైనా ఆ జవాబే చెప్తాడు. చట్రంలో బిగుతుగా కూర్చున్న పలక సంచీలో పడినా, పిల్లాడి చేతిలోంచి జారినా బతుకుతుంది. కొంచెం వదులైందా, నాలుగు రోజుల్లో మూల విరుగుతుంది. ఇమాం సాహెబ్ జీవితంలో సగం ఆ బిగింపులోనే గడిచింది. ఎన్ని చట్రాలు బిగించాడో అతనికే లెక్క లేదు. పలక మీద వేలితో కొట్టి, చప్పుడు ఖంగుమంటే పక్కన పెట్టేవాడు, లేకపోతే మళ్ళీ విప్పేవాడు. ఆ చెవికి ఫ్యాక్టరీ మొత్తంలో పేరుండేది.

"చేస్తా" అన్నాడు. "ఆ అమ్మాయిని బడికి పంపిద్దాం. నేను చేసిన పలకల మీద ఎంత మంది అక్షరాలు దిద్దినారో. అక్షరాలు చెప్పే మనిషికి ఇంత చేయలేనా?"

రెండు ఊళ్ళ తిరుగుడులో మొదటిసారి ఒకరు సరేనన్నారు. ఆ క్షణంలో ఇమాం సాహెబ్ కారును ఈత కొట్టిస్తానన్నా హరికృష్ణ నమ్మేవాడే.

పని బాగానే సాగింది. అబద్ధం ఎందుకు, చాలా బాగా సాగింది. అద్దానికి అడ్డంగా రెండు పైపులు. వాటికి నాలుగు కాళ్ళు. ఆ కాళ్ళకు తలుపు సందుల్లో పట్టుకునే కొక్కేలు, గీరుకోకుండా రబ్బరు. బరువంతా తలుపుల పైనుండే ఇనుము మీదే పడుతుంది, అద్దం మీద పడదు. పైపుకీ అద్దానికీ మధ్య వేలెడు సందు. ఆ సందు దగ్గర ఆపేసి ఉంటే, ఈ కథ చెప్పుకోవాల్సిన పని ఉండేది కాదు.

ఇమాం సాహెబ్‌కు ఆ సందు నచ్చలేదు. కుర్చీ బరువుకి పైపు ఊగి అద్దానికి తగిలితే? పైగా ఆ ముందు మూల లొడలొడ. తుమ్మచెక్క తెచ్చి సన్నగా చీల్చి, పైపులకూ అద్దానికీ మధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా చెక్క ముక్కలు దిగగొట్టాడు. సుత్తితో మెల్లగా, ఎంతో ఒడుపుగా, పలక చట్రం బిగించినంత శ్రద్ధగా.

టీ తెచ్చిన అతని భార్య హలీమాబీ గ్లాసులు పట్టుకునే అది చూసింది. "లాంతరు చిమ్నీని అట్ల బిగిస్తే వేడికి చిట్లేది. ఇదీ అద్దమే గదా, కొంచెం వదులు ఉండొద్దా?" అంది.

"నీ లాంతరు కాలం పోయింది లే" అన్నాడు ఇమాం సాహెబ్. హరికృష్ణ కూడా నవ్వాడు. ఇద్దరు మగవాళ్ళు కలిసి నవ్వాక ఆ ఇంట్లో ఇక చర్చ ఉండదు. హలీమాబీ టీ ఇచ్చి లోపలికి పోయింది.

చివరి ముక్క దిగాక ఇమాం సాహెబ్ అద్దం మీద కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. ఆయన మొహంలో వెలుగొచ్చింది. "ఇప్పుడు వాయించు, ఎక్కడైనా వాయించు" అన్నాడు. హరికృష్ణ వాయించాడు. అన్నిచోట్లా ఖంగు. నాయన బతికుంటే ఈ చప్పుడు విని తల ఊపేవాడు కదా అనుకున్నాడు. కంభం వచ్చేదాకా దారి పొడుగునా లొడలొడ అన్నది లేదు. బేస్తవారిపేట దగ్గర రోడ్డు బాగలేని చోట కావాలనే ఒక గతుకులో దించి చూశాడు. చప్పుడే లేదు. ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు.

సరళను వెనక సీట్లో కూర్చోబెట్టి చూపించాడు. ఆమె తల వెనక్కి వాల్చి, అద్దం మీద అడ్డంగా పోయే రెండు పైపుల్నీ చూసింది. అతనికి లోపల గుబులుగానే ఉంది. ఆమె కోసం కొన్న ఆకాశానికి తానే కడ్డీలు కొట్టించాడు మరి.

"రెండు గీతల కాపీ పుస్తకం జేసినావు గదా బావా" అంది సరళ. "బాగుంది. మబ్బులన్నీ గీత దాటకుండా రాయిస్తా."

శ్రీశైలమ్మ కూడా నవ్వింది. ఆ ఇంట్లో ముగ్గురూ ఒకేసారి నవ్వి చాలా కాలమైంది.

బడి తెరిచే సోమవారం వచ్చింది. సరళ చిలకాకుపచ్చ నేత చీర కట్టుకుంది. చాక్‌పీసుల డబ్బా ఒళ్ళో పెట్టుకుంది, బడిలో ఉండవన్నట్టు. కుర్చీని పైకెత్తి, పైపుల మీద నిలబెట్టి, నైలాన్ తాడుతో నాలుగు వైపులా కట్టాడు హరికృష్ణ. ఊపి చూశాడు. కారు ఊగింది గానీ కుర్చీ ఊగలేదు. పక్కింటి నాగయ్య అరుగు మీద నుంచి, "పెళ్ళికూతురు సామాను లాగుంది రా" అన్నాడు. సరళ కిటికీలోంచి చెయ్యి ఊపింది.

జూన్ అయినా ఎండ తగ్గలేదు. చెరువు దాటేసరికే అద్దం చురచురలాడుతోంది. సరళ తన తరగతిలోకి రాబోయే పిల్లల పేర్లు అనురాధ మేడం ఫోనులో చెప్పినవి చెప్పినట్టు పక్కన కూర్చున్న తల్లికి అప్పజెబుతోంది. ఒక పేరు దగ్గర మర్చిపోయి, గుర్తు తెచ్చుకోవడానికి తల పైకెత్తింది.

అక్కడ రోడ్డు పక్క పైపులైనుకు తవ్వి సరిగా పూడ్చకుండా వదిలేసిన గుంత ఉంది. ఎదురుగా గొర్రెల మంద వస్తే హరికృష్ణ పక్కకు తీశాడు. నెమ్మదిగానే తీశాడు. ముందు చక్రం ఒక్కటి గుంతలో దిగింది, వెనక చక్రం గట్టు మీదుంది. కారు ఒళ్ళంతా ఒక పక్కకు మెలిపడింది. ఇనుము మెలిపడితే సర్దుకుంటుంది. అద్దానికి సర్దుకునేందుకు కొంచెం జాగా కావాలి. ఆ జాగా అంతా తుమ్మచెక్క నిండి ఉంది.

తుపాకీ పేలినట్టు చప్పుడైంది. గొర్రెలు చెదిరిపోయాయి. అద్దం రెండు ముక్కలు కాలేదు, నాలుగు ముక్కలు కాలేదు. పలకకు తెలిసిన పగులు కాదది. మొత్తం ఒక్కసారిగా శనగగింజలంత నలుసులై, జల్లెడ బోర్లించినట్టు లోపల కురిసింది.

హరికృష్ణ వెనక్కి తిరిగి చూసేసరికి శ్రీశైలమ్మ కూతురి మీద వంగి ఉంది. సరళ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. జుట్టు నిండా, ఒడి నిండా, చాక్‌పీసుల డబ్బా నిండా అద్దపు నలుసులు. నుదుటి మీదా, చేతుల మీదా చిన్నచిన్న గీతలు, అంతే. పెద్ద దెబ్బేం తగల్లేదు. చేతులు తీశాక ఆమె పైకి చూసింది. అద్దం పోయి ఉత్త ఆకాశం ఉంది. ఆ ఆకాశంలో, ఆమె నెత్తికి సరిగ్గా పైన, చక్రాలతో సహా ఆ కుర్చీ ఉంది. పైపులు అంగుళం కదల్లేదు.

అప్పుడు అరిచింది సరళ. ఆటో బోల్తా పడిన రోజు అరిచిందో లేదో హరికృష్ణకు తెలియదు, అతనక్కడ లేడు. ఇప్పుడు విన్నాడు. ఆ కేకలో ఆ రోజుది కూడా ఉందనిపించింది అతనికి.

"ఏం కాలే సరళా, ఏం కాలే. అద్దమే పోయింది. మనుషులం బాగుండాం" అంటూ ఒక్కొక్క నలుసూ ఏరాడు. నీళ్ళు తాగించాడు. "బడి ఇంగ దగ్గరే. కొంచెం దూరమే. నెమ్మదిగా పోదాం. ఈ చీర దులిపితే ఏం తెలీదు."

"ఇంటికి పోదాం."

"మేడం ఎదురుచూస్తాంటాది. ఈ రోజు ఒక్కరోజు మొహం చూపించు. నిన్ను నేను ఎత్తుకొని తీస్కపోతా, కారొద్దు, నడుచుకుంటానే పోతా."

"ఇంటికి పోనీ బావా" అంది మళ్ళీ. ఏడుస్తూ అని ఉంటే ఇంకో మాట చెప్పి చూసేవాడు. ఆమె ఏడవడం లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, తల్లి చీర కొంగు మొహం మీద కప్పుకుంది.

కారు తిప్పాడు. దారంతా పైనుంచి గాలీ, దుమ్మూ లోపల పడుతూనే ఉన్నాయి. గుంత కనపడితే ఆగి, దిగి, చూసి, మళ్ళీ ఎక్కి పోనిచ్చాడు. ఇప్పుడు ఏ గతుకులోనూ ఏ చప్పుడూ లేదు.

అనురాధ మేడం మధ్యాహ్నం దాకా చూసి ఫోన్ చేసింది. సంగతి విని, ఆ వారమంతా ఆగింది. రోజూ పొద్దున హరికృష్ణ అడిగేవాడు. ఆటోలో పోదామా అన్నాడు. బస్సు అన్నాడు. నాగయ్య ట్రాలీ అడిగాడు. సరళ అన్నిటికీ ఒకే రీతిలో తల అడ్డంగా ఊపింది. సాయంత్రం పూట గాలికి కుర్చీని వాకిట్లోకి తోస్తే, "లోపలికి తీస్కపో" అనేది. పైన స్లాబు ఉండాలి. ఏడాదికి పైగా ఆ స్లాబును చూడలేక ఏడ్చిన మనిషికి, ఇప్పుడు అది లేకపోతే కళ్ళు మూతపడటం లేదు.

కబురు తెలిసి ఇమాం సాహెబ్ కంభం వచ్చాడు. అద్దం లేని టాపు చుట్టూ తిరిగాడు, మొదటి రోజు తిరిగినట్టే. ఒక మూల ఇంకా ఇరుక్కుని ఉన్న తుమ్మచెక్క ముక్కను లాగి, చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"రాయి అనుకున్నా అల్లుడా. జన్మంతా రాయే చూసినా. ఇది రాయి గాదని నా చెయ్యికి తెలీలే" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిడదామని అప్పటిదాకా మాటలు కూడబెట్టుకున్న హరికృష్ణ, ఆయన కూర్చోవడానికి స్టూలు తెచ్చి వేశాడు. తనూ కదా కణుపుతో కొట్టి మురిసింది. హలీమాబీ లాంతరు మాటకు తనూ కదా నవ్వింది.

ఇమాం సాహెబ్ మార్కాపురం నుంచి మందపాటి రేకు తెప్పించి, అద్దం ఉన్న చోట పరిచి, చుట్టూ బిగించి, రంగు కూడా వేశాడు. చక్కటి పని. వాన చుక్క దిగదు. దాని మీద క్యారియర్ మళ్ళీ ఎక్కింది, ఈసారి రేకుకే బోల్టులు దించి. బండరాయి పెట్టినా తట్టుకుంటుంది. లోపల మాత్రం పట్టపగలే చీకటిగా ఉంది.

మళ్ళీ సోమవారం. అనురాధ మేడం ఆదివారం ఫోన్ చేసి, రేపు కూడా రాకపోతే ఇంకొక అమ్మాయిని చేర్చుకుంటానని, చెప్పలేక చెప్పింది. హరికృష్ణ ఆ రాత్రంతా ఒకటే అనుకున్నాడు. అన్నీ సిద్ధం చేసి, కుర్చీ పైకెక్కించి, ఇంజను ఆన్ చేసి పిలిస్తే సరళ కాదనలేకపోతుంది. అడుగుతుంటేనే కదా వద్దంటోంది. అడక్కుండా చేసేద్దాం.

పొద్దున్నే సరళ ఇంకా మంచం మీద ఉండగానే, పక్కనున్న కుర్చీని చప్పుడు కాకుండా బయటికి తోసుకొచ్చాడు. పైకెత్తి నిలబెట్టాడు. ఈసారి ఊపిరి బిగబట్టి, బలమంతా పెట్టి తాడు లాగి, ముడి మీద ముడి వేశాడు. ఇంజను ఆన్ చేశాడు. కొత్త రేకు మీద చెయ్యి వేసి, లోపలికి వినపడేలా కేకేశాడు. "సరళా, బండి తయారు! ఇప్పుడు పైన ఇనుమే. ఏం పగిలేది లేదు. రా, ఎత్తుకుంటా."

సరళ ఆలోచిస్తోంది అనుకున్నాడు. చిలకాకుపచ్చ చీర ఎక్కడుందో కూడా గుర్తు తెచ్చుకున్నాడు.

"కుర్చీ దించు బావా" అని వినపడింది. "నాకు బాత్రూముకు పోవాల."

శ్రీశైలమ్మ వీధి చివర కొళాయి దగ్గరుంది. ఆమెను ఎత్తుకుపోవచ్చన్నది తట్టక, హరికృష్ణ తాడు మీద పడ్డాడు. ముడి రాలేదు. గోళ్ళతో లాగాడు, పళ్ళతో లాగాడు. కారు మీదికెక్కి, పైపు మీద మోకాలు పెట్టి, ఆ చివర ముడి చూశాడు. అదీ అంతే. ఇంజను ఊరికే నడుస్తూనే ఉంది. "వస్తాండా, ఒక్క నిమిషం, వస్తాండా" అని అరుస్తూనే ఉన్నాడు. లోపలి నుంచి ఆమె రెండోసారి పిలవలేదు.

చివరికి వంటింట్లోంచి కత్తిపీట పట్టుకొచ్చి తాడు కోశాడు. కుర్చీని దించి, గడపకు కొట్టుకుంటూ లోపలికి తోసుకుపోయాడు. సరళ గోడ వైపు తిరిగి, తడిసిన పక్క మీదే దుప్పటి మెడదాకా లాక్కుని పడుకుని ఉంది.

మంచం పక్కన కుర్చీ ఆపి, "తెచ్చినా" అన్నాడు.

"ఇప్పుడెందుకు?" అంది ఆమె గోడతో. "పోయి అమ్మను పిలువు బావా. గిన్నె కూడా తెమ్మను, ఇంగ ఈడనే పెట్టమను."